పక్క సీటులో ఎవరు? కొత్త లారీ డ్రైవరు తొలి కంపెనీని ఎంచుకోవడం గురించి

హెవీ లైసెన్సు చేతికి అందిన రోజుకూ, పది టైర్ల లారీని నిండు లోడుతో ఒంటరిగా పలమనేరు, చిత్తూరు మధ్య ఉన్న మొగిలి ఘాట్‌లో దింపగలిగిన రోజుకూ మధ్య చాలా నెలల దూరం ఉంటుంది. ఆ నెలలను ఎవరి దగ్గర, ఏ బండి మీద, ఎలాంటి లోడుతో గడపాలన్నది చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో లారీ నడపడాన్ని వృత్తిగా ఎంచుకున్న యువకుడు తేల్చుకోవలసిన మొదటి పెద్ద విషయం. చాలామంది దీని గురించి ఆలోచించరు. తెలిసిన ఓనరు రమ్మన్నాడనో, పక్క ఊరి డ్రైవరు వెంట తీసుకుపోయాడనో, బత్తా నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుందనో ఏదో ఒక ట్రాన్స్‌పోర్ట్‌లో చేరిపోతారు. మొదటి ఏడాదిలో చేతికీ కాలికీ పట్టిన అలవాటు జీవితాంతం వదలదు కాబట్టి, ఆ ఏడాది జీతం ఎంత అన్నదాని కంటే పక్క సీటులో కూర్చుని నేర్పేది ఎవరు, ఆయనకు నేర్పడానికి తీరిక ఉందా అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు.

ఈ ప్రాంతంలో ఎంచుకోవడానికి అవకాశం ఉంది. 16వ జాతీయ రహదారి నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ మీదుగా చెన్నైకి పోతుంది. మదనపల్లె నుంచి పీలేరు, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటకు 71వ రహదారి, కడప వైపు నుంచి చిత్తూరు మీదుగా రాణిపేటకు 40వ రహదారి, చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కర్ణాటకలోకి 69వ రహదారి ఉన్నాయి. శ్రీసిటీ కర్మాగారాలకు కంటైనర్లు వచ్చిపోతుంటాయి, కరకంబాడి నుంచి బ్యాటరీలు, చిన్నపాండూరు నుంచి టైర్లు బయలుదేరుతాయి. పలమనేరు, వి.కోట చుట్టుపక్కల పండే కూరగాయలు రాత్రికి రాత్రి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు చేరాలి. మామిడి కాలంలో తోతాపురి కాయల లోడ్లు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరుతాయి. ఇవి కాక కుప్పం వైపు గ్రానైటు, ఊరూరా పాల ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ఇన్ని రకాల సరుకున్న చోట ఇన్ని రకాల యజమానులూ ఉంటారు. అందరి దగ్గరా పని ఒకేలా అబ్బదు.

చట్టం అడిగేది తక్కువే. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. అంతకు ముందు కనీసం ఏడాది పాటు లైట్ మోటారు వాహనం లైసెన్సు ఉంటేనే రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు) ఇస్తారు. డాక్టరు సంతకం చేసిన 1ఏ ఫారం, అంటే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు పరీక్షకు వెళ్ళవచ్చు. ఒకప్పుడు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఉండేది, 2019లో దాన్ని తీసేశారు. 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు సాగుతుంది, అక్కడ ఉత్తీర్ణులైన వారికి ఆర్టీవో ఆఫీసులో విడిగా డ్రైవింగ్ పరీక్ష ఉండదు. ప్రకాశం జిల్లా దర్శిలోనూ, తమిళనాడులోని నామక్కల్‌లోనూ ఇలాంటి పెద్ద శిక్షణ సంస్థలున్నాయి. సొంత ఊరిని ఆరు వారాలు వదిలి ఉండగలిగిన వారికి ఆ కోర్సు మంచి పునాది. 38 గంటల్లో గేర్లు, అద్దాలు, రివర్స్, రోడ్డు గుర్తులు వస్తాయి. వర్షంలో లోడు బండి ఎంత దూరంలో ఆగుతుందో, తెల్లవారుజామున మూడు గంటలకు కన్ను ఎలా మోసం చేస్తుందో ఆ గంటల్లో తెలియదు. అది నేర్పవలసింది తొలి కంపెనీ.

ఇక్కడ తరతరాలుగా సాగుతున్న పద్ధతి వేరు. కుర్రవాడు క్లీనరుగా ఎక్కుతాడు. పట్ట కప్పడం, తాళ్ళు బిగించడం, టైర్లు తట్టి చూడటం, స్టెప్నీ మార్చడం, వెనక నిలబడి రివర్స్ చెప్పడం నేర్చుకుంటాడు. డ్రైవరుకు నమ్మకం కుదిరాక ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ చేతికిస్తాడు. ఈ పద్ధతిలో ఉన్న మంచిని తీసిపారేయకూడదు. బండి శబ్దంలో తేడా పసిగట్టడం, లోడు ఒక పక్కకు ఒరిగిందని తాడు బిగువును బట్టి చెప్పడం లాంటివి ఏ తరగతి గదిలోనూ పట్టుబడవు. క్లీనరుగా రెండేళ్ళు తిరిగిన వాడికి లారీ ఒక యంత్రంగా కాక మొత్తంగా అర్థమవుతుంది. లోపం స్టీరింగ్ చేతులు మారే ఘడియలో ఉంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు నడిపేటప్పుడు లైసెన్సున్న వ్యక్తి పక్కనే, బండిని అదుపు చేయగలిగే లేదా ఆపగలిగే స్థితిలో కూర్చుని ఉండాలని, ముందూ వెనకా ‘ఎల్’ గుర్తు ఉండాలని నియమం. వాస్తవంలో క్లీనరుకు స్టీరింగ్ దొరికేది డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చినప్పుడు. అంటే బండి కొత్తవాడి చేతిలో, నేర్పవలసినవాడు వెనక బెర్తు మీద, సమయం అర్ధరాత్రి. ఏదైనా జరిగితే లైసెన్సు లేని వ్యక్తి నడిపాడన్న కారణంతో బీమా సంస్థ బాధితులకు చెల్లించిన సొమ్మును ఓనరు నుంచి రాబట్టుకుంటుంది, కుర్రవాడి మీద కేసు నడుస్తుంది. క్లీనరుగా గడిపిన ఏళ్ళకు కాగితం మీద ఎక్కడా ఆధారం ఉండదు గనుక రేపు మరో కంపెనీ అనుభవం చూపమంటే చూపడానికీ ఏమీ ఉండదు.

అందువల్ల కంపెనీలో అడగవలసిన మొదటి ప్రశ్న జీతం కాదు. మొదటి ఎన్ని ట్రిప్పులు పాత డ్రైవరు పక్కన ఉంటారు, ఆయన ఎన్నేళ్ళుగా నడుపుతున్నారు, నేర్పినందుకు ఆయనకు కంపెనీ విడిగా ఏమైనా ఇస్తుందా అన్నవి అడగాలి. మూడో ప్రశ్నను ఎవరూ అడగరు, కానీ అసలు విషయం బయటపడేది అక్కడే. ట్రిప్పు లెక్కన బత్తా తీసుకునే పెద్ద డ్రైవరుకు కొత్తవాడి చేత నడిపించడం అంటే గంట ఆలస్యం, డీజిల్ ఎక్కువ, క్లచ్ అరుగుదల, ఓనరు దగ్గర మాట పడటం. నేర్పడం వల్ల ఆయనకు నష్టమే తప్ప లాభం లేనప్పుడు ఎంత మంచి మనిషైనా స్టీరింగ్ తన దగ్గరే ఉంచుకుంటాడు, లేదా నిద్ర వచ్చినప్పుడు మాత్రమే ఇస్తాడు. నేర్పే ట్రిప్పులకు వేరుగా లెక్క కట్టి, ఆ ట్రిప్పులకు చేరవలసిన గడువును సడలించే యజమాని దగ్గర మాత్రమే నేర్పడం నిజంగా జరుగుతుంది. ఈ చిక్కు ఇక్కడిదే కాదు. అమెరికాలో పెద్ద ట్రక్కు కంపెనీలు తమ ఖర్చుతో శిక్షణ ఇచ్చి, సుమారు ఏడాది పాటు తమ దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకోవడం మామూలు. అక్కడ చట్టం రోజుకు 11 గంటలకు మించి నడపనివ్వదు, పైగా నడిపిన ప్రతి నిమిషాన్నీ బండిలోని పరికరం నమోదు చేస్తుంది. అయినా నేర్పేవాడు, నేర్చుకునేవాడు ఇద్దరూ వంతులవారీగా నడిపే బండ్లలో ఒకరు నడుపుతుంటే మరొకరు నిద్రపోతారన్న ఫిర్యాదు అక్కడి కొత్త డ్రైవర్ల నోటా వినిపిస్తుంది.

ఘాట్ రోడ్డు దగ్గర శిక్షణ నాణ్యత దాచినా దాగదు. పలమనేరు పీఠభూమి మీద ఉంది, చిత్తూరు దానికి సుమారు మూడు వందల మీటర్ల దిగువన ఉంది. ఈ తేడాలో చాలావరకు మొగిలి ఘాట్ మీదుగా బంగారుపాళెం చేరేలోపే దిగిపోతుంది. పీలేరు వైపు నుంచి తిరుపతికి వచ్చే భాకరాపేట ఘాట్‌లోనూ ఇలాగే దిగుడు, మలుపులు ఉంటాయి. పది టైర్ల లారీ చట్టప్రకారం సరుకుతో కలిపి 28.5 టన్నుల వరకు బరువుండవచ్చు. అంత బరువు దిగుతున్నప్పుడు పుట్టే శక్తినంతా ఫుట్ బ్రేకే మింగాలంటే డ్రమ్ములు, లైనింగులు కాలి పట్టు వదులుతాయి. వాసన వచ్చాక చేయగలిగింది తక్కువ. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, పొగ గొట్టాన్ని మూసి ఇంజను వేగాన్ని తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ దానికి తోడవుతుంది, ఫుట్ బ్రేకును అవసరమైన చోట మాత్రం వాడి వదలాలి. న్యూట్రల్‌లో వేస్తే ఆ పట్టు మొత్తం పోతుంది. ఇంజను కూడా ఆపితే ఎయిర్ బ్రేకుకు గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

ఇంత ప్రమాదకరమని తెలిసీ న్యూట్రల్‌లో ఎందుకు దింపుతారు? కారణం చాలాసార్లు కంపెనీ జీతపు లెక్కలోనే ఉంటుంది. కిలోమీటర్లకు ఇంత డీజిల్ అని నిర్ణయించి, మిగిలితే డ్రైవరుకు వాటా, తగ్గితే జీతంలో కోత అనే పద్ధతి చాలా చోట్ల ఉంది. దిగుడులో ఇంజను మీద భారం తీస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం పాత బండ్ల కాలం నుంచి వస్తోంది. నిజానికి 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలతో వస్తున్న బీఎస్-6 బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఎలక్ట్రానిక్ నియంత్రణ డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఉన్న ఇంజను మాత్రం ఆగిపోకుండా తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే ప్రాణాన్ని పణంగా పెట్టి మిగిల్చేదేమీ లేదు, కొంత పోగొట్టుకోవడం కూడా. డీజిల్ కోత పెడుతూ ఈ సంగతి చెప్పని కంపెనీ, మాటలతో ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, ప్రమాదాన్ని జీతంలో కలిపి ఇస్తున్నట్టే. అక్కడ చేరడానికి కొత్తవాడు ఒప్పుకోకూడదు.

పని గంటల విషయంలోనూ ఇదే తీరు. మోటారు రవాణా కార్మికులకు 1961 నాటి చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలని పెట్టింది, దూర ప్రయాణాల్లో మాత్రం అనుమతితో రోజుకు 10 గంటల వరకు సడలింపు ఇచ్చింది. 5 గంటల తర్వాత కనీసం అరగంట విరామం ఉండాలంది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లలో) ఆ చట్టం కలిసిపోయినా 8 గంటల ప్రాతిపదిక అలాగే ఉంది. రోడ్డు మీద ఇది ఎంతవరకు అమలవుతోందో ఈ వృత్తిలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. తొందర పెట్టే యజమానులు ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ పత్రం) గడువు ముగుస్తుందని చెబుతుంటారు. మామూలు సరుకుకు ఆ గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. తిరుపతి నుంచి హైదరాబాదుకు సుమారు 560 కిలోమీటర్లు, అంటే మూడు రోజుల గడువు. ఆ దూరాన్ని ఒక్క రాత్రిలో తెమల్చమని అడిగేది ప్రభుత్వం కాదు. కూరగాయల సంగతి వేరు. తెల్లవారేలోపు కోయంబేడు చేరకపోతే ధర పడిపోతుంది, నష్టం రైతుది, నింద డ్రైవరుది. ఆ తొందర నిజమైనదే కాబట్టే అది మొదటి ఏడాది డ్రైవరుకు తగిన పని కాదు. టమాట లోడును నిద్ర ఆపుకొని నడపడం ధైర్యంగా చెప్పుకునే వాతావరణంలో చేరిన కుర్రవాడు నిద్రను జయించవచ్చని నమ్మడం మొదలుపెడతాడు.

సరుకును బట్టి నేర్చుకునే తీరు మారుతుంది. పగటిపూట, ఒకే దారిలో, ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకే గోడౌనుకు పెట్టెల్లో కట్టిన సరుకు తీసుకుపోయే పని కొత్తవాడికి అన్నిటికంటే మేలు. దారి మారదు గనుక తప్పు ఎక్కడ చేశాడో మర్నాడు అదే మలుపులో తెలుసుకుంటాడు. మామిడి కాలంలో పని విరివిగా దొరుకుతుంది, కానీ గేటు ముందు గంటల తరబడి కూర్చుని, లోడు దిగిన వెంటనే మళ్ళీ తోటకు పరుగెత్తే ఆ నెలల్లో నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు. పాల ట్యాంకరు సగం నిండి ఉంటే లోపలి పాలు ఊగి మలుపులో బండిని లాగుతాయి, బ్రేకు వేస్తే వెనకనుంచి నెట్టినట్టు ముందుకు తోస్తాయి. గ్రానైటు దిమ్మె చిన్నగా కనిపించి బరువంతా ఒక్కచోట మోపుతుంది. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకుకు విడిగా మూడు రోజుల శిక్షణ, లైసెన్సు మీద ప్రత్యేక నమోదు కావాలి. వీటన్నిటికీ ఏడాది ఆగవచ్చు. కొత్తవాడిని నేరుగా వీటి మీదికి పంపుతామనే కంపెనీకి మనుషులు నిలవడం లేదని అర్థం.

డబ్బు విషయంలో తేల్చుకోవలసింది అంకె కంటే కోతలు. అధిక లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. ఆ జరిమానా ఓనరు కడతానన్నాడని నిశ్చింతగా ఉండటానికి లేదు. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం గూడ్సు వాహనంలో అధిక లోడు వేసినా, మనుషులను ఎక్కించినా డ్రైవరు లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయవచ్చు. ఓనరుకు పోయేది డబ్బు, డ్రైవరుకు పోయేది మూడు నెలల తిండి. బరువు తూచిన కాటా చీటీ చూపకుండా బండి కదిలించమనే చోట ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. బండికి గీత పడితే, సరుకు తడిస్తే జీతంలో పట్టుకోవడమూ మామూలే. చట్టం ప్రకారం వివరణ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే, అదీ జరిగిన నష్టానికి మించకుండా పట్టుకోవాలి. చేరేటప్పుడే ఇది అడిగితే కంపెనీ ముఖం ఎలా మారుతుందో చూడటం కూడా ఒక సమాచారమే.

శిక్షణ ఇచ్చినందుకు బాండు రాయించుకోవడం కొన్ని పెద్ద సంస్థల్లో ఉంది. ఇది దానంతట అది తప్పు కాదు, శిక్షణకు ఖర్చవుతుంది, నేర్చుకున్నవాడు మర్నాడే వెళ్ళిపోతే ఆ ఖర్చు వృథా. బాండులో ఎంత పెద్ద మొత్తం రాసినా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం న్యాయస్థానం ఇప్పించేది సముచితమైన పరిహారమే. లైసెన్సును, పదో తరగతి సర్టిఫికెట్‌ను అసలు ప్రతులతో బీరువాలో పెట్టుకునే కంపెనీల విషయం మాత్రం వేరు. లైసెన్సు డ్రైవరు దగ్గర ఉండవలసిన పత్రం, అడిగినప్పుడు చూపవలసింది అతనే. డిజీలాకర్‌లో ప్రతి ఉన్నా అసలును తాకట్టు పెట్టడానికి అంగీకరించకూడదు.

బీమా గురించి ఒక అపోహ విస్తారంగా ఉంది. పాలసీలో కనిపించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమానే డ్రైవరైతే ఆయనకు వర్తించేది, జీతానికి నడిపేవాడికి కాదు. జీతగాడికి దిక్కు 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయిన 1923 నాటి పరిహార చట్టపు నిబంధనలు, లేదా ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా). పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో నెలకు 21 వేలలోపు జీతమున్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది, ఇరవైమంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ ఉండాలి. వీటికి తొలి మెట్టు పేరు రికార్డులో ఉండటం. శిక్షణ కాలంలో జీతం లేదు కాబట్టి పేరు కూడా రాయం అనే చోట కుర్రవాడు డ్రైవరూ కాదు, క్లీనరూ కాదు, ఎవరూ కాదు. ప్రమాదం మాత్రం అతన్ని గుర్తుపడుతుంది. తక్కువ జీతానికైనా ఒప్పుకోవచ్చు, పేరు లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా పనికి బండి ఎక్కకూడదు.

ఒక్క లారీ ఓనరు, ముప్పై నలభై బండ్ల మధ్యస్థాయి ట్రాన్స్‌పోర్ట్, వందల బండ్ల పెద్ద సంస్థ అనే మూడింటిలో ఏది మేలు అంటే పరిమాణాన్ని బట్టి చెప్పలేం. తానే నడుపుతూ పక్కన మరొకరికి నేర్పే ఒక్క లారీ ఓనరు అందరికంటే మంచి గురువు కావచ్చు, ఎందుకంటే బండి ఆయనది, క్లచ్ ఆయనది, తప్పును చూసీ చూడనట్టు వదలడు. బండి ఒక నెల మూలపడితే జీతం ఆగడం ఆయన దగ్గరి బలహీనత. పెద్ద సంస్థలో జీపీఎస్, శిక్షకుడు, ఈఎస్‌ఐ ఉంటాయి, 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన భారీ ట్రక్కులకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి కాబట్టి కొత్త బండ్లు కొనే ఆ సంస్థల్లో ఎండాకాలపు అలసటా తగ్గుతుంది. కానీ అక్కడ కొత్తవాడు ఒక సంఖ్యగా మిగిలిపోయే అవకాశముంది. మధ్యస్థాయి ట్రాన్స్‌పోర్ట్‌లలోనే తేడాలు ఎక్కువ, అందుకే వాటిని ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

చూడటం అంటే యార్డుకు వెళ్ళడమే. ఆఫీసులో చెప్పే మాటల కంటే యార్డులో నిలిపిన బండ్లు ఎక్కువ చెబుతాయి. వెనక టైర్లలో గాడులు మిగిలాయా, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా, వెనక రిఫ్లెక్టర్ టేపు ఉందా, పట్ట చిరుగులు కుట్టి ఉన్నాయా అన్నవి పది నిమిషాల్లో తెలుస్తాయి. నంబరు ప్లేటు చూసి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు గడువులు చూసుకోవచ్చు. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి, అది దాటిపోయిన బండి యార్డులో కాక రోడ్డు మీద ఉంటే ఆ కంపెనీ గురించి ఇక వేరే విచారణ అక్కర్లేదు. గేటు దగ్గరి టీ కొట్టులో ట్రిప్పు ముగించి వచ్చిన డ్రైవర్లను పలకరించి, కిందటి ప్రమాదం ఎప్పుడు జరిగింది, అప్పుడు ఓనరు ఏం చేశాడు అని అడగాలి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోపు పోలీసులకు తెలపడం డ్రైవరు మీద చట్టం పెట్టిన బాధ్యతలు. మొదట బండిని అక్కడినుంచి తప్పించమని ఫోన్లో చెప్పిన యజమానికీ, మొదట 108కి ఫోన్ చేయమని చెప్పి తానూ బయలుదేరిన యజమానికీ మధ్య తేడా ఆ డ్రైవర్ల మాటల్లో తప్పక వినిపిస్తుంది.

అన్నీ కుదిరితే చేరేముందు జీతం లేకుండానే ఒక ట్రిప్పు పక్కన కూర్చుని వస్తానని అడగవచ్చు. వీలైతే ఘాట్ ఉన్న దారి, చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా వెళ్ళి మర్నాడు లోడుతో దిగే ట్రిప్పు. పెద్ద డ్రైవరు దిగుడు మొదలవకముందే గేరు తగ్గిస్తాడా, మొదలయ్యాక తడబడి తగ్గిస్తాడా, అడిగిన ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెబుతాడా, నిద్ర వచ్చినప్పుడు బండిని రోడ్డు పక్కకు దింపి ఆపుతాడా అన్నవి అక్కడ తెలుస్తాయి. రాబోయే నెలల్లో పక్క సీటులో కూర్చునేది ఆయనే.